వంతలు లేని బుర్రకథ

డాలస్ పరిసరాల్లో, ముఖ్యంగా కాపెల్ లాంటి ఊళ్ళలో, కొన్నేళ్ళుగా ఒక రకం సభ తరచుగా జరుగుతోంది. హైస్కూల్ పిల్లలు వేదిక ఎక్కి తమ ఇంటి కథో, తాతముత్తాతల కథో ఐదారు నిమిషాల్లో చెబుతారు. ఒక్కొక్కరికీ ఉద్యోగంలో స్థిరపడ్డ ఒక అంకులో, ఆంటీయో మార్గదర్శిగా ఉంటారు. కథల ద్వారా సమాజంలో మార్పు తేవడం తమ ఆశయమని నిర్వాహకులు మొదట్లోనే ప్రకటిస్తారు. ఇలాంటి సభలకి శ్రోతగా చాలాసార్లు వెళ్ళాను. కథాసంకలనాల మీద నాలుగు మాటలు రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఆ కథలను కూడా సాహిత్యంగానే విన్నాను. అచ్చయిన కథ చేతికొస్తే వస్తువేమిటి, శిల్పమేమిటి, దృక్పథమేమిటి అని అడుగుతాం. పిల్లలు నోటితో చెప్పిన కథని మాత్రం చప్పట్లతో సరిపెడతాం. చప్పట్లు కొట్టాల్సిందే. అయితే పదిహేనేళ్ళ అమ్మాయి సమాజం మారాలని కథ చెబుతుంటే, అది విమర్శకి అందనంత చిన్న విషయమనుకోవడం ఆ అమ్మాయిని చిన్నబుచ్చడమే. ఆ మన్నన ఇద్దామనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. కాపెల్ డాలస్‌కి వాయవ్యాన, విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. ఒకప్పుడు గిబ్స్ స్టేషన్ అనేవారు. 1892లో కాపెల్ అయింది. ఆ పేరు జార్జ్ కాపెల్‌ది; ఆయన రైలు మార్గం వేసిన ఇంజనీరని ఊరివాళ్ళు చాలాకాలం నమ్మారు, కాదు, దానికి పెట్టుబడి పెట్టిన ధనికుడని స్థానిక చరిత్రకారులు అంటారు. అంటే తన పేరు వెనక కథేమిటో ఇంకా తేల్చుకోని ఊరన్నమాట. 1974లో విమానాశ్రయం తెరిచాక పెరగడం మొదలుపెట్టి, 2000 జనాభా లెక్కలనాటికి దాదాపు 36 వేలకి, 2020 నాటికి దాదాపు 43 వేలకి చేరింది. ఆ పెరుగుదలలో మన వాళ్ళ వాటా ఎంతో చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు. సాయంత్రం పూట ఏ పార్కులో నడిచినా, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ తెలుగులో మాట్లాడుకుంటూ ఎదురవుతారు. ఇంత మంది పెద్దవాళ్ళు, ఇంత మంది పిల్లలు ఒక్కచోట చేరిన ఊళ్ళో కథలకి కొదవ ఉండకూడదు. కొదవ లేదు కూడా. కాని విన్న కొద్దీ అవి ఒకే అచ్చులో పోసినట్టుండడం నన్ను ఆలోచనలో పడేసింది.

ఆ అచ్చు ఇలా ఉంటుంది. తాతయ్య పేదవాడు. మైళ్ళ దూరం నడిచి బడికి వెళ్ళాడు. వీధి దీపం కింద చదివాడు. నాన్న ఇంజనీరయ్యాడు, రెండు సూట్‌కేసులతో అమెరికా వచ్చాడు. ఆ త్యాగాల పుణ్యమా అని నేను ఇలా ఉన్నాను, కాబట్టి సమాజానికి తిరిగి ఇవ్వాలనుకుంటున్నాను. చివరి వాక్యానికి కొంచెం గొంతు వణకాలి. అబద్ధమేమీ లేదు. చాలా ఇళ్ళల్లో జరిగిందే. అయితే కథ నిండా ఎక్కడం తప్ప మరో కదలిక లేదు. తాతయ్య ఎక్కాడు, నాన్న ఎక్కాడు, నేను ఎక్కుతున్నాను. ఎక్కేటప్పుడు నిచ్చెన పట్టుకున్నదెవరో, అసలు నిచ్చెన దగ్గరకే రానివ్వనిది ఎవరినో ఆ కథకి తెలియదు.

ఒక సభలో ఒక కుర్రాడు చాలా బాగా చెప్పాడు. తాతయ్య పొద్దున్నే పొలానికి వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ బడికి వెళ్ళేవాడట. ముందు వరసలో కూర్చున్న ఏడెనిమిదేళ్ళ పాప ఉన్నట్టుండి లేచి, "మరి మీ అమ్మమ్మ బడికి వెళ్ళలేదా?" అని అడిగింది. హాలంతా నవ్వింది. వ్యాఖ్యాత కూడా నవ్వి, "వెరీ స్వీట్" అని తరవాతి పేరు పిలిచారు. ఆ సాయంత్రం విన్న వాటన్నిటిలో నాకు గుర్తున్న సాహిత్య విమర్శ ఆ పాప ప్రశ్న ఒక్కటే. దానికి జవాబు వెతికి ఉంటే కథ మరోలా నడిచేది. అమ్మమ్మని ఐదో తరగతితో ఎందుకు మానిపించారు? తాతయ్య బడిలో ఉండగా ఆ పొలంలో నాట్లు వేసిన ఆడవాళ్ళెవరు? వాళ్ళ పిల్లలు ఏ బడికి వెళ్ళారు? వాళ్ళు తాతయ్య ఇంట్లో ఏ గుమ్మం దాకా రాగలిగేవారు?

ఇక్కడ మనకి బాగా పరిచయమైన ఒక ప్రక్రియని గుర్తుచేసుకోవాలి. బుర్రకథ ఒక్కరు చెప్పేది కాదు. మధ్యలో తంబుర పట్టుకుని, వేళ్ళకి అందెలు పెట్టుకుని కథకుడు. అతనికి చెరోవైపు డక్కీలతో ఇద్దరు వంతలు. ఆ ఇద్దరిలో ఒకరిది రాజకీయం, ఇంకొకరిది హాస్యం. కథకుడు కథని ముందుకి నడుపుతుంటే రాజకీయపు వంత ఆపి, ఇప్పటి సంగతి ఎత్తుతాడు: అప్పుడెప్పుడో రాజుగారు చేసింది సరే, ఇవాళ మన ఊళ్ళో జరుగుతున్నదేమిటి అంటాడు. హాస్యపు వంత ఏమీ తెలియని అమాయకుడిలా అడగకూడనిది అడుగుతాడు. జనం నవ్వుతారు, కాని ప్రశ్న అక్కడే ఉండిపోతుంది. కథకుడు దానికి బదులు చెప్పకుండా ముందుకి కదలలేడు. అంటే కథని అడ్డుకోవడం ఆ శిల్పంలోనే భాగం.

1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి ఈ ప్రక్రియని ఎందుకు చేపట్టిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఊరి మధ్య పెట్రోమాక్స్ దీపం పెట్టుకుని వెయ్యి మందికి కరువు గురించి చెప్పాలంటే ఉపన్యాసం కన్నా వంత అడిగే ప్రశ్న బాగా పనిచేస్తుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920-1997) ఆ రూపాన్ని శిఖరానికి తీసుకువెళ్ళారు. పల్నాటి యుద్ధం చెప్పిన గొంతే బెంగాల్ కరువు కూడా చెప్పింది. 1986లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆయన చెప్పగా రాసిన ఆత్మకథ పేరు 'పింజారి'. తన కులం పేరునే పుస్తకానికి పెట్టుకున్నారు. మన పిల్లల 'ఎక్కే కథ'లో తాతయ్య కులం ఎక్కడా వినపడదని ఇక్కడ గమనించాలి. పేదరికం చెప్పవచ్చు, అది గౌరవం పెంచుతుంది. కులం చెబితే లెక్కలు చెప్పాల్సొస్తుంది. సియాటిల్ నగరం 2023లో కులవివక్షని నిషేధించినప్పుడు, అదే ఏడు కాలిఫోర్నియా గవర్నర్ అలాంటి బిల్లుని తిప్పి పంపినప్పుడు మన వాట్సాప్ గుంపుల్లో పెద్దలు తెగ వాదించుకున్నారు. పిల్లల వేదిక మీద మాత్రం ఆ మాటే లేదు. కాపెల్ పిల్లకి కులమంటే ఏమిటో తెలిసేది స్కూలు పాఠం వల్లో, వేరే పిల్లల వల్లో. ఇంట్లో కథ చెప్పినవాళ్ళు చెప్పలేదు కాబట్టి, విన్న రోజున ఆ పిల్ల నమ్మకం పోగొట్టుకునేది ఇంటి మీదే.

కథ వల్ల సమాజం మారుతుందా అని అనుమానించేవాళ్ళకి నెల్లూరు జిల్లా ఒక జవాబు. 1990ల ఆరంభంలో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. ఎంతో కొంత చదువుకున్న ఊరి యువతీయువకులు రాత్రిపూట పెద్దవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి చదువు చెప్పారు. వాళ్ళు చదివిన వాచకాల్లో సీతమ్మ కథ ఒకటి: తాగుడు వల్ల నాశనమైన కుటుంబంలో ఒక ఇల్లాలి కథ. పాఠం చదివించి ఊరుకోలేదు. దాని మీద చర్చ జరిగేది. ఇది ఎవరి కథ? మన ఊళ్ళో ఇలా ఎందుకవుతోంది? సారా ఊళ్ళోకి ఎలా వస్తోంది? ఈ ప్రశ్నల మధ్య దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట సంగతి కూడా వాచకంలోకి పాఠంగా ఎక్కి పక్క ఊళ్ళకి చేరింది. 1992లో ఆడవాళ్ళు సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారన్నది కూడా దాచకూడని నిజమే. కాని ప్రభుత్వం అచ్చువేసిన చిన్న పాఠం ప్రభుత్వ ఖజానాకే అడ్డుతిరగడం మామూలు విషయం కాదు.

విమర్శకుడిగా చూస్తే సీతమ్మ కథ గొప్ప కథేమీ కాకపోవచ్చు. పాత్ర చిత్రణ లేదు, మలుపు లేదు. బలమంతా పాఠం తరవాత వచ్చిన ప్రశ్నలో ఉంది. చదువు చెప్పిన ఆ కుర్రాళ్ళు, అమ్మాయిలు నాజర్ పక్కన నిలబడ్డ వంతల పనే చేశారు. ఇప్పుడు మన ఊళ్ళో మార్గదర్శులు ఏం చేస్తున్నారో పోల్చి చూడండి. పిల్ల రాసుకొచ్చిన కథలో ఇబ్బంది పెట్టే ముక్క ఉంటే అది తీసేయమంటారు. నాన్న ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదన్న వాక్యం "నెగటివ్"గా ఉందంటారు. ముగింపు "ఇన్‌స్పైరింగ్"గా ఉండాలంటారు. వీళ్ళు మంచివాళ్ళు; శనివారాలు వదులుకుని వస్తారు. వాళ్ళకి తెలిసిన మార్గదర్శకత్వం ఉద్యోగాల ఇంటర్వ్యూకి తయారుచేయడం. కథని కూడా అలాగే ఇస్త్రీ చేస్తారు.

దీని వెనకున్న ఒత్తిళ్ళని కూడా న్యాయంగా చెప్పాలి. కాలేజీ దరఖాస్తులో 650 మాటల వ్యాసం పిల్లల ప్రాణం మీద కూర్చుని ఉంటుంది. సేవాగంటల లెక్క మరొకటి. వేదిక మీది కథ చాలాసార్లు ఆ వ్యాసానికి రిహార్సల్. తల్లిదండ్రుల ఆందోళన నాకు పరాయిది కాదు. మనం వచ్చిందే పోటీలో నెగ్గి. అయితే ప్రవేశాధికారిని మెప్పించడానికి చెప్పే కథ ఒకటి, పక్కవాడిని కదిలించడానికి చెప్పే కథ ఒకటి. మొదటిదానిలో 'నేను' ఒంటరిగా మెరవాలి. రెండోదానిలో 'నేను' వింటున్నవాళ్ళలో ఒకడు కావాలి. రెండింటినీ ఒకే కాగితం మీద రాయించి, రెండోదాని పేరు మొదటిదానికి పెట్టడమే నా అభ్యంతరం.

మన సభలకి నమూనాగా తరచు చెప్పే పేరు మార్షల్ గాంజ్. 1964లో హార్వర్డ్ చదువు వదిలి మిసిసిపీలో నల్లవారి ఓటుహక్కు పోరాటానికి వెళ్ళి, ఆపైన సీజర్ చావెజ్ నడిపిన వ్యవసాయ కూలీల సంఘంలో పదహారేళ్ళు పనిచేసి, తరవాత హార్వర్డ్‌లోనే బోధకుడైన మనిషి. 2008 ఎన్నికల ప్రచారంలో ఒబామా కార్యకర్తలు ఆయన పద్ధతి నేర్చుకున్నారు. ఆ పద్ధతిలో మూడు మెట్లు: నా కథ, మన కథ, ఈనాటి కథ. నన్ను కదిలించిందేమిటి, మనందరినీ కలిపేదేమిటి, ఇప్పుడు మనం తేల్చుకోవాల్సిందేమిటి. బుర్రకథలోని ముగ్గురితో దీనికి చుట్టరికం ఉందనిపిస్తుంది. మన సభలు తీసుకున్నది మొదటి మెట్టు మాత్రమే. 'మన కథ' దగ్గరకొచ్చేసరికి ఎవరు 'మన' అన్న చిక్కుంది. 'ఈనాటి కథ' దగ్గరకొస్తే రాజకీయం వద్దంటారు. మొదటి మెట్టు మీద నిలబడి ఫొటో తీయించుకుని దిగి వచ్చేస్తున్నాం.

ఇంకో నమూనా జహీరాబాద్ దగ్గర ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియోని మొదలుపెట్టారు. అంతకు ముందే వాళ్ళలో కొందరు వీడియో కెమెరా పట్టారు. బీటీ పత్తి మీద వరంగల్ రైతులకి కోపం ఎందుకో చెబుతూ 2003లో ఒక చిత్రం తీశారు. బడికి వెళ్ళని ఆడవాళ్ళు తీసిన ఆ చిత్రంలోని పద్ధతి గమనించదగ్గది: విత్తు వేసినప్పటి నుంచి పంట చేతికొచ్చేదాకా అవే పొలాలకి, ఆ రైతుల దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. మొదట ఆశగా మాట్లాడిన మనిషి చివర ఏమన్నాడో ప్రేక్షకుడికి తెలుస్తుంది. ఒక్కసారి చెప్పి దిగిపోయే కథకి ఆ బలం రాదు. మన సభల్లో పోయినేడు కథ చెప్పిన పిల్లలు ఇప్పుడేమనుకుంటున్నారో ఎప్పుడైనా అడిగామా?

ఈ విమర్శ అంతా గాలికి చెప్పడం కాదనడానికి మన ఇళ్ళల్లోనే ఒక విషయముంది. హెచ్-1బి మీద వచ్చినవారి పిల్లలు హెచ్-4 మీద పెరుగుతారు. తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ళు గడిచిపోయి, పిల్లకి 21 నిండితే ఆ ఆశ్రిత వీసా చెల్లదు. కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే చదివిన పిల్ల స్టూడెంట్ వీసా వెతుక్కోవాలి, లేదా వెళ్ళిపోవాలి. దీప్ పటేల్ అనే యువకుడు 2017లో 'ఇంప్రూవ్ ద డ్రీమ్' మొదలుపెట్టి ఇలాంటి పిల్లల్ని కూడగట్టాడు. వాళ్ళ ఆయుధం కథే. ఒక్కొక్కరూ తమ గొడవ తాము చెప్పుకున్నారు. తరవాత 'మేము' అన్నారు. తరవాత ఫలానా చట్టం మార్చండి అన్నారు. 2022 మార్చిలో టెక్సస్‌లో చదువుకున్న ఒక భారతీయ యువతి సెనేట్ ఉపసంఘం ఎదుట సాక్ష్యం చెప్పింది. 2021లో ఉభయపక్షాల సభ్యులూ కలిసి ఒక బిల్లు పెట్టారు, 2023లో మళ్ళీ పెట్టారు. రెండుసార్లూ అది చట్టం కాకుండానే గడువు తీరిపోయింది. అయినా, అంతకు ముందు ఎవరికీ కనపడని పిల్లలు కనపడ్డారు.

ఆ కథలని కూడా నేను ఒక మాట అడగదలచుకున్నాను. వాటిలో చాలావాటిలో చెప్పేవారు క్లాసులో ఫస్టు, పరిశోధకులు, కాబోయే వైద్యులు. ప్రతిభ ఉంది కాబట్టి ఉండనివ్వండి అన్న వాదన చట్టసభలో పనికొస్తుంది. కాని సగటు మార్కులు వచ్చే కాపెల్ కుర్రాడికి కూడా పుట్టినరోజు వస్తుంది. వాడి కథ ఎవరు చెబుతారు? మళ్ళీ ఎక్కే కథే. కాకపోతే ఈసారి నిచ్చెన లాగేస్తున్నారు. 'ఫస్టు రాకపోతే ఈ ఊరు నీది కాదా?' అని అడిగే వంత ఇక్కడా కావాలి.

కాపెల్‌లో ఈ పిల్లలు వేదిక మీద మౌనంగా ఉండడం నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ. తాతయ్య పేదరికం గురించి కంఠతా చెప్పే పిల్ల, ఒకనాటికి తనకి 21 వస్తుందన్న భయం గురించి నోరెత్తదు. ఆ భయం ఇంటి గుట్టు, బయటికి చెప్పకూడదు. పక్క కుర్చీలోని పిల్లాడిదీ అదే గుట్టని ఆ పిల్లకి తెలియదు. సాయంత్రమంతా ఒకే హాలులో కూర్చుని, ఒకే భయాన్ని చెరో జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోతారు. కథాసభ పెట్టేది ఇందుకోసం కాదా?

భాష మాటా రాక తప్పదు. తెలుగులో చెప్పకపోతే తెలుగు కథ ఎలా అవుతుందని సాహిత్య మిత్రులంటారు. సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలయింది. అదే ఏడు మన డాలస్‌లో టాంటెక్స్ వారి నెలనెలా తెలుగు వెన్నెల మొదలయింది. ఆ కృషి మీద నాకు గౌరవముంది. కాని చాలా సాహిత్య సభల్లో పిల్లలు ప్రార్థనాగీతం పాడి దిగిపోతారు. వాళ్ళ చేత తెలుగు పలికించాం, వాళ్ళ మాట మాత్రం వినలేదు. నా మట్టుకు నాకు, కథ ఇంగ్లీషులో చెప్పినా ఫరవాలేదు. ప్రశ్న మాత్రం తెలుగులో అడగడం రావాలి. ఎందుకంటే జవాబు తెలిసిన మనిషి అమ్మమ్మ. "నిన్ను బడి ఎందుకు మానిపించారు?" అని ఆవిడ భాషలో అడగగలిగితే చాలు, ఆ పిల్లకి తెలుగు వచ్చినట్టే.

ఇలా అడగడం నేర్చుకున్న పిల్లలు మన ఊళ్ళోనే ఉన్నారు. కాపెల్ హైస్కూల్ విద్యార్థి పత్రిక 'ది సైడ్‌కిక్'లో మన పిల్లల పేర్లు కనిపిస్తుంటాయి. పత్రికకి రాసే పిల్ల తన గురించి కాక ఎదుటివాళ్ళ గురించి వాళ్ళనే అడిగి రాయాలి; సంపాదకుడు 'ఈ మాట నీకెవరు చెప్పారు?' అంటే జవాబుండాలి. అదే పిల్ల శనివారం మన సభకి వచ్చి ఆ ప్రశ్నలన్నీ గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి లోపలికొస్తుంది. వాళ్ళకి చేతకాక కాదు, మనం అడగనివ్వక.

విమర్శ చేసినవాడు ప్రత్యామ్నాయం కూడా చెప్పాలంటారు కాబట్టి మూడు సూచనలు. మొదటిది, ప్రతి కథకి ఇద్దరు వంతల్ని పెట్టండి. ఇద్దరూ పిల్లలే కావాలి. ఒకరు ఇప్పటి సంగతి అడుగుతారు, ఒకరు అడగకూడనిది అడుగుతారు. కథకుడు బదులు చెప్పాకే చప్పట్లు. రెండోది, సొంత తాతయ్య కథ కాకుండా వేరే ఇంటి పెద్దవాళ్ళ కథ విని రమ్మనండి. వీలైతే మన కులం, మన జిల్లా కాని ఇంటికి. మన ఇళ్ళు ఊడ్చేవారి, మనం తినే హోటళ్ళలో గిన్నెలు కడిగేవారి కథ వినమన్నా మంచిదే. మూడోది, చెప్పిన పిల్లల్ని ఏడాది తరవాత మళ్ళీ పిలవండి. మారింది ఏమిటి, మారనిది ఏమిటి చెప్పమనండి. మార్గదర్శులకి మాత్రం ఒకే నియమం: ముగింపు ముట్టుకోకూడదు.

ఇలా చేస్తే సభలు ఇప్పుడున్నంత హాయిగా ఉండవు. కొన్ని ప్రశ్నలకి ముందు వరసలో కూర్చున్న మనమే జవాబు చెప్పాల్సొస్తుంది. అమ్మమ్మ చదువు గురించి, పొలంలో నాట్లు వేసినవాళ్ళ గురించి, నాన్న ఉద్యోగం గురించి, వీసా గురించి పిల్లలు అందరి ముందూ అడుగుతారు. వాళ్ళు అడిగేది మనల్ని నిలదీయడానికేనని అనుకోనక్కర్లేదు. కథలో తమకి చోటెక్కడో వెతుక్కుంటున్నారు. ఆ చోటు చూపించడానికి మన దగ్గర తంబుర ఉంది, కథ ఉంది. డక్కీలు రెండూ పిల్లల చేతికివ్వడమే తరువాయి.